వారసురాలు: పసుపు కుంకుమ కింద పడి కనిపించని మాట

చీమకుర్తి మండలంలో ఏ మాలపల్లెకో మాదిగపల్లెకో వెళ్లి, తండ్రి చనిపోయిన ఇంట్లో 'వారసులెవరు?' అని అడిగి చూడండి. కొడుకుల పేర్లు చెబుతారు. 'ఆడపిల్లలు లేరా?' అని మళ్లీ అడగండి. 'లేకేం, ఇద్దరున్నారు. వాళ్ల పసుపు కుంకుమ వాళ్లకి ఎప్పుడో ఇచ్చేశాం' అంటారు. మొదటి ప్రశ్నకు ఆ ఇద్దరూ గుర్తుకే రాలేదు. రెండో ప్రశ్నకు వచ్చారు గానీ, తెగిపోయిన లెక్కగా వచ్చారు. రెండు జవాబుల్లోనూ రావాల్సిన మాట ఒకటుంది. వారసురాలు. దాని గురించే ఈ వ్యాసం.

ముందు మాట పుట్టుక చూద్దాం. 'వారిస్' అనే అరబ్బీ మాట పారశీకం, ఉర్దూల మీదుగా దివాణాల్లోకి, కరణాల లెక్కల్లోకి వచ్చింది. తెలుగు దానికి తన ప్రత్యయాలు తగిలించి వారసుడు, వారసురాలు అని రెండు చేసుకుంది. చిక్కంతా బహువచనం దగ్గరే. వారసుడు, వారసురాలు కలిస్తే 'వారసులు' అవుతారు. వ్యాకరణం ప్రకారం అందులో ఆడవాళ్లు ఉన్నారు. మండల ఆఫీసులో దరఖాస్తు రాసే చేతి ప్రకారం లేరు. 'వారసుల వివరాలు' అన్న గడిలో పెద్దకొడుకు, చిన్నకొడుకు, కొండొకచో తల్లి. పెళ్లయిపోయిన కూతుళ్ల పేర్లు రాయకపోతే అడిగేవాడు అరుదు. 'దాయాది' అని అంతకన్నా పాత మాట ఉంది. 'దాయం' అంటే వారసత్వంగా వచ్చే సొత్తు, దాన్ని పంచుకునేవాడు దాయాది. దానికి వాడుకలో స్త్రీలింగమే లేదు. పాలివాళ్ల మధ్య పగకు పేరుగా మాత్రం బతికుంది.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఆస్తి హక్కును తేల్చే పత్రం కాదు. ఆ మాట కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అయితే ఆచరణలో మ్యుటేషన్ ఆ కాగితం పట్టుకునే జరుగుతుంది, పాస్ పుస్తకం మ్యుటేషన్ పట్టుకుని వస్తుంది, బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం, భూసేకరణ డబ్బు పాస్ పుస్తకం వెంట నడుస్తాయి. మొదటి గడిలో పేరు లేని ఆడమనిషి చివరిదాకా ఎక్కడా ఉండదు.

ఇక పసుపు కుంకుమ. గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతంలో భూమి ఉన్న కులాల్లో కూతురి పెళ్లికి అర ఎకరమో, ఎకరమో, రెండెకరాలో రాసివ్వడం పాత అలవాటు. 'అది మా అమ్మ పసుపు కుంకుమ పొలం' అని చేను చూపించి చెప్పుకుంటారు. వాళ్ల ఇళ్లలోనూ ఇది న్యాయమైన వాటా కాదు. కొడుకులకు పదెకరాలుంటే కూతురికి ఒకటి. అయినా ఆ మాట వెనక ఒక సర్వే నంబరుంది. మన పల్లెల్లోకి ఆ మాట వచ్చింది, సర్వే నంబరు రాలేదు. మన దగ్గర పసుపు కుంకుమ అంటే పుస్తెలు, కాళ్లకు పట్టీలు, మంచం, బీరువా, స్టీలు సామాను, ఆ తర్వాత అప్పు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టిన నగదు. మిరపకోతకెళ్లిన అమ్మ కూలీ, క్వారీలో రాయి కొట్టిన నాన్న కూలీ అందులో ఉన్నాయి, కాదనం. కానీ భూమి ఉన్నవాడు భూమి ఇచ్చి వాడే మాటను, మనం బీరువా ఇచ్చి వాడుతున్నాం. ఇరవై ఏళ్ల తర్వాత కూతురు వాటా అడిగితే ఆ తుప్పుపట్టిన బీరువానే జవాబుగా చూపిస్తున్నాం.

ఈ రెండు మాటల అర్థాల్లో తేడా చిన్నది కాదు. పసుపు కుంకుమ ఒకరు ఇస్తే వచ్చేది. ఇవ్వాలన్న ప్రేమ, ఇవ్వగలిగిన స్తోమత, ఇచ్చిన మనిషి పేరు, అన్నీ అందులో ఉంటాయి. వారసత్వం ఒకరు ఇచ్చేది కాదు. యజమాని వీలునామా రాయకుండా కన్నుమూసిన క్షణాన అది చట్టప్రకారం దిగుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'ఇచ్చేశాం' అన్న క్రియ వారసత్వానికి అతకదు.

ఇంకో తేడా మన ఆడవాళ్లకు బాగా తెలుసు. భర్త పోతే 'పసుపు కుంకుమలు పోయాయి' అంటారు. సుమంగళి అన్న హోదాతో కట్టిపడేసిన మాట అది. 2019 ఎన్నికల ముందు రాష్ట్ర ప్రభుత్వం డ్వాక్రా సంఘాల సభ్యులకు 10,000 రూపాయల చొప్పున చెక్కులిచ్చి, ఆ పథకానికి పసుపు-కుంకుమ అని పేరు పెట్టింది. సంఘాల్లో ఎందరో వితంతువులున్నారు. ఆ పేరు వాళ్లకెలా వినపడిందో పేరు పెట్టినవాళ్లు ఆలోచించారో లేదో మాకు అనుమానమే. వారసురాలు అన్న మాటకు ఈ గొడవ లేదు. పెళ్లి కానిదైనా, అయినదైనా, భర్త వదిలేసినదైనా, వితంతువైనా వారసురాలు వారసురాలే.

సంస్కృత శాస్త్రాల మాట స్త్రీధనం. మనుధర్మశాస్త్రం 9వ అధ్యాయం దాన్ని ఆరు రకాలుగా లెక్కపెట్టింది: పెళ్లి అగ్ని ముందు ఇచ్చింది, అత్తారింటికి వెళ్లేటప్పుడు ఇచ్చింది, ప్రేమతో ఇచ్చింది, అన్నదమ్ములిచ్చింది, తల్లి ఇచ్చింది, తండ్రి ఇచ్చింది. ఆరింటిలోనూ క్రియ 'ఇచ్చింది' అనే గమనించండి. అదే గ్రంథం 8వ అధ్యాయంలో భార్యకూ కొడుకుకూ దాసుడికీ సొంత సొత్తు లేదంటుంది. కొడుకు పెద్దయ్యాక ఆ జాబితాలోంచి బయటపడతాడు. మిగిలిన ఇద్దరూ మిగిలే ఉంటారు. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో తగలబెట్టినప్పుడు అందులో అంటరానితనం ఒక్కటే కాలలేదు.

ఇంగ్లీషు పాలనలో వితంతువుకు దక్కింది జీవితకాల హక్కు. 1937 చట్టం కూడా అంతే: బతికున్నన్నాళ్లూ అనుభవించు, అమ్మడానికి వీల్లేదు, పోయాక భర్త వారసులకు వెళ్తుంది. అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లు ఆ పరిమితిని తీసేసి ఆడదాన్ని పూర్తి యజమానిని చేయాలంది, కొడుకుతో పాటు కూతురికి వాటా ఉండాలంది. బిల్లును పార్లమెంటులో నడవనివ్వలేదు. 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేయడానికి చెప్పిన కారణాల్లో అది ముఖ్యమైనది. ఆ బిల్లులో మిగిలిన ముక్కే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. దాని 14వ సెక్షన్ ఆడవాళ్ల పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. ఈ సెక్షన్‌కు దేశమంతటికీ అర్థం చెప్పిన కేసు మన పక్క జిల్లాది. నెల్లూరు కోర్టులో మనోవర్తి కోసం దావా వేసిన వి. తులసమ్మ అనే వితంతువుకు రాజీలో కొంత ఆస్తి దక్కింది, అదీ బతికున్నంతకాలమే అన్న షరతుతో. తర్వాత ఆమె అందులో కొంత అమ్మితే, మరిది ఆ అమ్మకం చెల్లదని కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మనోవర్తి దయ కాదు, ముందు నుంచీ ఉన్న హక్కు. దానికి బదులుగా వచ్చిన ఆస్తి ఆమె సొంతం అంది.

ఇక్కడ ఇంకో పాత సంగతి చెప్పాలి. కొడుకులు లేని ఇళ్లు ఏం చేసేవి? కమ్మ, రెడ్డి ఇళ్లలో ఇల్లటం ఉండేది. అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుని ఆస్తి అప్పగించేవాళ్లు, మద్రాసు కోర్టులు దాన్ని ఆచారంగా గుర్తించాయి. కూతురి ఇంట్లోనే ఉన్నా, కొడుకు స్థానం దక్కింది అల్లుడికి. బళ్లారి, కర్నూలు, అనంతపురం వైపు మాదిగ, బోయ కుటుంబాల్లో ఇంకో దారి ఉండేది. కూతుర్ని దేవుడి పేర బసివిగా వదిలేవాళ్లు. ఆమెకు పెళ్లి ఉండదు. తండ్రి ఇంట్లోనే ఉంటుంది, తండ్రికి కొడుకు చేయాల్సిన కర్మ చేస్తుంది, ఆస్తి కొడుకులా పొందుతుంది, ఆమె పిల్లలు తాత ఇంటిపేరుతో పెరుగుతారు. మన కులాల్లో ఆడదాన్ని పూర్తి వారసురాలిని చేసిన పాత మాట ఏదంటే ఇదే. దానికి ఆమె చెల్లించింది తన శరీరంతో, ఊరి మగవాళ్లకు. 1988లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. బసివి కాకుండానే వారసురాలు అయ్యే దారి అప్పటికే 32 ఏళ్లుగా చట్టంలో ఉంది. పల్లెల్లోకి అది రాలేదు.

మళ్లీ మన జిల్లాకి వద్దాం. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపారు, ఆడవాళ్లపై అత్యాచారాలు చేశారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 5 మరో కారణంతో చట్టం పుస్తకాల్లోకెక్కింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన హిందూ వారసత్వ సవరణ ఆ తేదీ నుంచి అమల్లోకి వచ్చినట్టు రాశారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు. దేశంలో తొలి అడుగుల్లో ఇదొకటి. అందులో ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఈ హక్కు లేదు. 2005లో కేంద్ర సవరణ ఆ మెలిక లేకుండా వచ్చింది. సెప్టెంబరు 9, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానాన్ని కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపరు.

ఈ తేదీల గొడవ ఎందుకు చెబుతున్నామంటే, పల్లెల్లో ఆడవాళ్ల నోరు మూయించడానికి ఎక్కువగా వాడేది ఈ 1985నే. 'నీ పెళ్లి 85కి ముందే అయింది, నీకు చట్టంలో లేదు' అని అన్నదమ్ములు, కులపెద్దలు, ఒక్కోసారి చదువుకున్నవాళ్లూ అంటారు. మన ఇళ్లకు సంబంధించినంతవరకు అది చాలాసార్లు తప్పు. ఆ తేదీలన్నీ తాతల నుంచి వచ్చే ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. మనకు తాతల ఆస్తి ఎక్కడిది? ఉన్నదల్లా డి ఫారం పట్టా. ప్రభుత్వం ఒక మనిషికి ఇచ్చిన భూమి. అలా ఒక్కరి పేరు మీద వచ్చినది మామూలుగా ఆ మనిషి సొంత ఆస్తే. సొంత ఆస్తి విషయంలో కూతురు 1956 నుంచే కొడుకుతో సమానమైన మొదటి తరగతి వారసురాలు. పెళ్లి ఏ సంవత్సరంలో అయిందన్న ప్రశ్నే లేదు. డి ఫారం పట్టా షరతుల్లోనే భూమి వారసులకు వస్తుందని, పరాయివాళ్లకు అమ్మరాదని ఉంటుంది. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం ఆపింది అమ్మకాన్ని. వారసత్వాన్ని ఆపలేదు.

లెక్క వేసి చూద్దాం. తండ్రికి రెండెకరాల పట్టా, అంటే 200 సెంట్లు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. వీలునామా లేదు. హిందూ చట్టం ప్రకారం ఐదుగురికి సమానం, తలా 40 సెంట్లు. పట్టా తల్లి పేరు మీద ఉండి ఆమె ముందు పోతే, భర్త, కొడుకులు, కూతుళ్లు ఐదుగురికీ అదే లెక్క. కొడుకులిద్దరూ చెరో ఎకరం దున్నుకుంటున్నారంటే, చెల్లెళ్లవీ తల్లిదీ కలిపి 120 సెంట్లు వాళ్ల చేతిలో ఉన్నాయి.

'మేం చర్చికి వెళ్తాం గదా, మాకు హిందూ చట్టం వర్తించదు' అన్న మాట కూడా వస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఇది రాకుండా ఉండదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఎక్కువమంది మాదిగలు. అప్పటికి క్రైస్తవులకు 1865 నాటి వారసత్వ చట్టం ఉంది. దాని తర్వాత 1925 చట్టం వచ్చింది. రెండింటిలోనూ కూతురి వాటా కొడుకు వాటాతో సమానం. అంటే ఆ రోజు ఆ ఏట్లో మునిగి లేచిన మాదిగ పిల్లకు కాగితం మీద అన్నతో సమానమైన వారసత్వం దక్కింది. ఆమె తల్లి కూలికెళ్లే చేలు ఎవరివో ఆ ఆసాముల కూతుళ్లకు అది 1956 దాకా లేదు. ఆమె దగ్గర లేనిదల్లా పంచుకోడానికి సెంటు నేల.

ఈ చట్టం ప్రకారం పై రెండెకరాల్లో తల్లికి మూడో వంతు, దాదాపు 67 సెంట్లు. మిగిలినది నలుగురు పిల్లలకు తలా 33 సెంట్లు చొప్పున. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు అన్న మన బతుకుకు కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. మతం మారితే ఎస్సీ హోదా పోతుంది. కోర్టులో మతం మాట ఎత్తడానికి చెల్లెళ్లు భయపడేది అందుకే, అన్నలు ఆ భయాన్ని వాడుకునేదీ అందుకే. ఆ భయానికి ఒక జవాబుంది. రెండు చట్టాల్లో ఏది పట్టుకున్నా కూతురి వాటా కొడుకు వాటాకు సెంటు తగ్గదు.

'ఇస్తే అల్లుడి పాలవుతుంది' అంటారు ఇంకొందరు. హిందూ చట్టం 15వ సెక్షన్ చూడండి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తిని ఆడమనిషి పిల్లలు లేకుండా, వీలునామా లేకుండా వదిలి పోతే, అది భర్తకు పోదు. తండ్రి వారసులకే తిరిగి వస్తుంది. పిల్లలుంటే ఆమె పిల్లలకూ భర్తకూ సమానంగా పోతుంది. అన్న వాటా అన్న పిల్లలకు పోవడం లేదా?

ఇప్పుడే దీని గురించి రాయడానికి కారణం ఉంది. చీమకుర్తిలో నల్లరాయి, బయట గెలాక్సీ గ్రానైట్ అని పేరుపడ్డది, పనికిరాని మెట్ట అనుకున్న నేలకు ధర తెచ్చింది. మన పట్టాలు చాలావరకు అలాంటి నేలలోనే. 2023లో రాష్ట్రం అసైన్డ్ భూముల చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అసలు పట్టాదారు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చంది. 2024లో ప్రభుత్వం మారాక అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఎటు తేలినా, అమ్మరాని భూమిలో వారసులెవరన్నది ఇంట్లో మాట. అమ్మగలిగిన భూమిలో అది లక్షల మాట. కొనేవాడి లాయరుకు ఇది బాగా తెలుసు. నలభై ఏళ్లుగా పుట్టింట్లో ఎవరూ లెక్కపెట్టని అక్క ఇంటికి అన్నలు పండగ కాని రోజున చీర పట్టుకుని వస్తే, వెనక ఒక కాగితం ఉంటుంది. దాని పేరు హక్కు విడుదల దస్తావేజు.

ఆ కాగితం గురించి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తండ్రి బతికుండగా 'నాకు పసుపు కుంకుమ ముట్టింది, ఇక వాటా అడగను' అని కూతురు రాసిచ్చినా, అది సాధారణంగా చెల్లదు. ఇంకా రాని వారసత్వాన్ని వదులుకోవడం ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ ఒప్పుకోదు. తండ్రి పోయాక భూమిలో వాటా వదులుకునే కాగితం చెల్లాలంటే రిజిస్టరు కావాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర చాలదు. ఆ రిజిస్ట్రేషన్ వదులుకునే అక్కచెల్లెళ్లను కూడా కాపాడుతుంది. భూమిని దానంగా ఇచ్చినా 123వ సెక్షన్ కింద రిజిస్టరు దస్తావేజు కావాలి. అందుకే నోటిమాట మీద పసుపు కుంకుమగా వచ్చిన పొలాలు కూడా కోర్టుల్లో ఆడవాళ్ల చేయి జారుతున్నాయి. ఇక కట్నం సంగతి. 1961 చట్టం 6వ సెక్షన్ కట్నాన్ని పెళ్లికూతురి సొత్తు అంటుంది, అల్లుడు తీసుకుంటే మూడు నెలల్లో ఆమెకు అప్పజెప్పాలంటుంది. అల్లుడి దగ్గర ఉన్న డబ్బును చూపించి అన్న చేతిలోని భూమిని మూసేసే లెక్క ఏ చట్టంలోనూ లేదు.

అన్నలకు ఎదురు నిలబడితే పుట్టిల్లు పోతుందన్న భయం ఉత్తది కాదు. కొట్టి పంపితే చేరే గడప, కాన్పుకు వెళ్లే మంచం, కొడుకు పెళ్లికి మేనమామ రావడం, ఇవన్నీ ఆ వాటాతో తూకం వేసి ఆడవాళ్లు ఊరుకుంటున్నారు. ఆ లెక్కను తక్కువ చేయకూడదు. మాకు తెలిసిన కొన్ని ఇళ్లలో వాటా అడగకపోయినా పుట్టిల్లు మిగల్లేదన్నది కూడా చెప్పాలి. మన సంఘాలు భూమి కోసం ఊరేగింపులు తీసినప్పుడు జెండాలు పట్టిన ఆడవాళ్లే ఎక్కువ. పట్టాలు వచ్చాక వారసుల జాబితా రాయడానికి కూర్చున్నది మగవాళ్లు. దేశం మొత్తం మీద 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్లు సాగుచేస్తున్న కమతాలు దాదాపు 14 శాతమే. మిగిలినవాటిలో కలుపు తీసింది ఎవరో అందరికీ తెలుసు.

చేయగలిగిన పనులు కొన్ని. తండ్రి లేదా తల్లి పేరు మీద ఉన్న పట్టా నంబరు, సర్వే నంబరు రాసిపెట్టుకోండి. చీమకుర్తి పాత కాగితాల్లో గుంటూరు జిల్లా, ఒంగోలు తాలూకా అని ఉంటే కంగారు పడొద్దు, 1970లో కొత్త జిల్లా పుట్టేదాకా ఇది ఆ జిల్లాలోదే. మీ భూమి వెబ్‌సైట్లో అడంగల్, 1-బి తీయించి ఇప్పుడు ఎవరి పేరుందో చూడండి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు అన్నదమ్ములు దరఖాస్తు పెడితే, మీ పేరు లేదని తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. మ్యుటేషన్ అయిపోయిందని ఊరుకోనక్కర్లేదు, రెవెన్యూ పుస్తకంలో పేరు ఎక్కినంతమాత్రాన వారసత్వం మారదు. అన్న సాగులో ఉన్నా, పంపకం కాని భూమిలో అది అందరి తరఫున సాగు కిందే లెక్క. 'నీకు లేదు పొమ్మన్న' సంగతి తెలిసిన రోజు నుంచి మాత్రం 12 ఏళ్ల గడువు నడుస్తుంది, కాబట్టి ఆ మాట ఎప్పుడు అన్నారో గుర్తుపెట్టుకోండి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకూ, ఎస్సీలకూ ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలి. ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లేటప్పుడు పట్టా నకలు, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, పుట్టింటి పేరుతో ఉన్న బడి సర్టిఫికెట్ లేదా పాత రేషన్ కార్డు పట్టుకెళ్లండి. దరఖాస్తులో 'సంబంధం' అన్న గడి ఉంటుంది. అక్కడ ఫలానా వారి భార్య అని రాయించొద్దు. కూతురు, వారసురాలు అని రాయించండి.